రెండు బకెట్ల మంచినీళ్ళు

“ఎలాగూ ఇంట్లో ఉండేది నువ్వేగా, దీన్ని కూడా కాస్త చూసుకో” అని చెప్పులు తొడుక్కుంటూ అనేసి మేనేజరు బండెక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ చేతిలో అప్పుడు నేల తుడిచే గుడ్డ ఉంది. ఆవిడ పొద్దున తొమ్మిదికి ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చే మనిషి. ఆయన పదింటికి వెళ్ళి అయిదున్నరకే వచ్చే మనిషి. అయినా ఇంట్లో ఉండేది ఆవిడే. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఈ లెక్క ఎలా కుదిరిందో ఎంత పెద్ద లెక్కల మాస్టారొచ్చినా తేల్చలేడు గానీ, కుదరడం మాత్రం కుదిరింది. పోనీ ఆయన చూసుకోమన్నది కుక్కపిల్లనా అంటే కాదు. పూలకుండీనా అంటే కాదు. సముద్రాన్ని. హాల్లో ఎనిమిదడుగుల పొడవున, పద్నాలుగు వందల లీటర్ల సముద్రాన్ని. వెళ్తూ వెళ్తూ ఒక సముద్రాన్ని పెళ్ళాం చేతిలో పెట్టి కాస్త చూసుకోమన్న మగవాడు పురాణాల్లో కూడా ఉన్నట్టు లేదు.

ఆయన రంగుల కంపెనీలో మేనేజరు. ఊళ్ళో ఏ గోడకు ఏ రంగు బాగుంటుందో చిటికెలో చెప్పేస్తాడు. సొంత వంటింటి గోడ రంగేమిటని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి. ఆవిడ నీళ్ళ సరఫరా ఆఫీసులో, పరీక్షల గదిలో పనిచేస్తుంది. ఊరు తాగే నీళ్ళను రోజూ గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, రంగు ఎంతవరకు మారిందో చూసి, తాగొచ్చో లేదో కాగితం మీద రాస్తుంది. చుక్కలు లెక్కపెట్టేటప్పుడు దేవుడొచ్చి పిలిచినా పలకదు కాబట్టి ఆఫీసులో చుక్కలావిడ అని పేరు పడింది. ఆ కాగితం కింద సంతకం మాత్రం ఆవిడది కాదు. గాజు గొట్టం బరువెంతో కూడా తెలియని పై అధికారిది. “అంతా బాగానే ఉందిగా?” అని ఆయన అడిగేవాడు. “ఉందండీ” అని ఈవిడ అనేది. ఆయన గీకేవాడు. ఊరు నీళ్ళు తాగేది.

ఒకేచోట మూడేళ్ళు పనిచేసి, ఆ తర్వాత అయిదు రోజుల శిక్షణకు వెళ్ళొస్తే, ఆ కాగితం కింద తన సంతకం తనే పెట్టుకునే హక్కు వస్తుంది. ఆవిడకు కావలసింది అదొక్కటే. నగలడగలేదు, ఊళ్ళు తిప్పమని అడగలేదు. తన చుక్కల కింద తన పేరు. అంతకుముందు ఉన్న మూడు ఊళ్ళలోనూ మూడో ఏడు నిండకముందే మేనేజరుకు బదిలీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి ఒకటే మాట అనేవాడు. “బాధపడకోయ్. ఇల్లంటే గోడలా? నువ్వెక్కడుంటే అదే ఇల్లు.” అంత తియ్యటి మాటకు ఎదురు చెప్పడానికి నోరు రాదు. రాజీనామా రాయడానికి మాత్రం చెయ్యి వస్తుంది. అలా మూడు రాజీనామాలు రాసింది. మూడూ ఒకే ముక్కలతో, కాగితం మీద తేదీ తప్ప తేడా లేకుండా.

ఈ నాలుగో ఊళ్ళో ఇల్లు కొన్నారు. కూతురు హాస్టల్లో చేరింది. అత్తగారు వీళ్ళ దగ్గరికి వచ్చేసింది. “ఇదే ఆఖరి ఊరు” అన్నాడు మేనేజరు. ఆయన అనే మాటల్ని ఆవిడ వినడం నేర్చుకుంది గానీ, నమ్మడం మానేసి చాన్నాళ్ళయింది. అయితే ఒకరోజు ఆయన ఏదో హోటల్లో గోడంత పగడాల తొట్టె చూసొచ్చాడు. సముద్రం అడుగున పగడపు దిబ్బ ఎలా ఉంటుందో అలాగే, రాళ్ళూ పగడాలూ చేపలూ. అలాంటిది ఇంట్లో పెట్టిస్తానన్నాడు. నిండాక దాని బరువెంతుంటుందని ఆవిడ అడిగింది. రెండు టన్నుల పైమాట అన్నాడు. ఆవిడ మనసులో ఏదో కుదుటపడింది. మాటదేముంది, గాలికి పోతుంది. రెండు టన్నులు ఇంట్లో పెట్టుకున్నవాడు ఎక్కడికి కదులుతాడు? “పెట్టించండి” అంది. దానికోసం భోజనాల బల్ల తీసేస్తామంటే కూడా సరేనంది. ఆ బల్ల దగ్గర ఆవిడ కూర్చుని తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ వంటింటి గట్టు దగ్గర నిలబడి తిన్నవే.

తొట్టె కట్టడానికి వచ్చిన మేస్త్రి అద్దాలు కోసినంత సులువుగా కోతలు కోసేవాడు. తాను కట్టిన ఒక తొట్టెలో చేప ఎంత తెలివి మీరిందంటే, ఆ ఇంటాయన పేపరు చదువుతుంటే అదీ వెనకనుంచి చదివేదట. ఆయన తొందరపడి పేజీ తిప్పితే తోకతో అద్దాన్ని కొట్టేదట. అత్తగారు నోరు తెరుచుకుని విని, “కళ్ళజోడు పెట్టారా దానికి?” అని అడిగింది. “అడిగిందమ్మా, వాళ్ళే కొనలేదు” అన్నాడు మేస్త్రి, కొలతలు తీసుకుంటూనే. తీసిన కొలతల్లో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. గుమ్మం కొలిచి తల అడ్డంగా ఊపాడు. ఇంత తొట్టె బయట కట్టి లోపలికి తేవడం కుదరదన్నాడు. బొటనవేలంత మందమున్న అయిదు అద్దాలు విడివిడిగా లోపలికి తెచ్చి, హాల్లోనే నిలబెట్టి, జిగురుతో అతకాలి. “ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ అతికాక ఇది మళ్ళీ గుమ్మం దాటదు. అద్దాలు విప్పితే తప్ప.”

మేనేజరు ఫోన్లో ఉన్నాడు కాబట్టి ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఆవిడ చెవిన పడింది. కొత్తగా కాపురానికొచ్చిన రోజు అత్తగారు కూడా ఇంచుమించు అదే మాట చెప్పింది. గుమ్మంలోకి వచ్చావు, ఇక ఈ గుమ్మమే నీది అని. ఆ తర్వాత నాలుగు గుమ్మాలు మారాయి.

జిగురు ఆరడానికి వారం. ఎవరూ తొట్టెను ముట్టుకోకూడదు. అత్తగారు కుర్చీ వేసుకుని చేతికర్రతో కాపలా కూర్చుంది. సొంత కొడుకు వేలు పెట్టబోతే ఆ వేలి మీదే కొట్టింది. ఆ వారం గడిచాక ఆయన సెలవు పెట్టి, బోలెడు ఫొటోలు తీసి, బోలెడుమందికి పంపి, వీపునొప్పని పడుకున్నాడు. నీళ్ళు నింపింది ఆవిడ. కుళాయి నీళ్ళు పనికిరావు, శుద్ధి చేసే యంత్రంలోంచి బొట్టుబొట్టుగా పడాలి. పడినవి డ్రమ్ములో పట్టి, సముద్రపు ఉప్పు కొలిచి కలిపి, ఉప్పెంతుందో చూసే చిన్న గొట్టాన్ని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూసి, అప్పుడు తొట్టెలో పొయ్యాలి. తొమ్మిది రోజులు పట్టింది. యాభై కిలోల ఉప్పు కరిగింది. పొద్దున ఆఫీసులో ఊరికి నీళ్ళు, సాయంత్రం ఇంట్లో సముద్రానికి నీళ్ళు. తొమ్మిదో రోజున పై దీపం వేస్తే వెలుతురు నీళ్ళలో ముడతలు ముడతలుగా దిగి, అడుగున ఇసుక మీద వల పరిచినట్టు కదిలింది. ఆ వల మెల్లగా హాలు గోడ మీదికి పాకింది, పై కప్పు మీదికి పాకింది, నిలబడి చూస్తున్న ఆవిడ చేతుల మీదికి పాకింది. ఆవిడ చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. గిన్నెలు తోమే చేతులేనా ఇవి అనిపించింది.

తర్వాత మేస్త్రి తడి గోతాల్లో సముద్రపు రాళ్ళు తెచ్చి పేర్చి వెళ్ళాడు. వట్టి రాళ్ళు. ఇక చేపలెప్పుడని మేనేజరు అడిగితే ఆరు వారాలు ఆగాలన్నాడు. రెండు వారాలకే ఆయనకు విసుగొచ్చింది. ఖాళీ తొట్టెకి ఇంత హంగామానా అని దాని ముందు కూర్చోవడం కూడా మానేశాడు. ఆవిడ మానలేదు. మేస్త్రి చెప్పినట్టు చిటికెడు చేపల మేత ఖాళీ నీళ్ళలో వేసేది. అది కుళ్ళి విషమయ్యేది. నీళ్ళు గాజు గొట్టంలో పట్టి చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ. మూడో వారానికి ఆ పచ్చ పలచబడింది. ఇంకో రకం విషం పుట్టి, దాని గొట్టం ఊదారంగుకు తిరిగింది. అయిదో వారానికి అదీ పోయింది. ఆవిడ నమ్మలేక మళ్ళీ పట్టింది. పదేళ్ళుగా నీళ్ళు పరీక్ష చేస్తున్న మనిషి, తన ఇంట్లో, తన కళ్ళముందు, విషం దానంతటదే శుభ్రమవడం చూసి గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దానంతటదేం కాదు. ఆ రాళ్ళ చిల్లుల్లో కంటికి కనపడని కోటానుకోట్ల ప్రాణులు, జీతం లేకుండా, సెలవు లేకుండా పనిచేశాయి. ఖాళీ తొట్టె అన్నాడే ఆయన. ఆవిడకు నవ్వొచ్చింది.

ఆ మర్నాడు పొద్దున రాతి మీద ఒక చిల్లులోంచి పెసరగింజంత విసనకర్ర బయటికొచ్చింది. ఎర్రటి, చారల విసనకర్ర లాంటి పురుగు తల. ఆవిడ ఊపిరి తగిలిందో, నీడ పడిందో గానీ చటుక్కున లోపలికి పోయింది. ఎవరూ తెచ్చి వెయ్యలేదు దాన్ని. గోతాంలో, ఎండలో, లారీలో అన్ని గంటలు రాతిలో దాక్కుని వచ్చింది. ఆవిడ భూతద్దం తెచ్చుకుంది. ఇంకో చిల్లులోంచి నక్షత్ర చేప చెయ్యొకటి, దారప్పోగులా, తడుముకుంటూ వచ్చింది. అద్దం మీద తెల్ల చుక్కలు నడుస్తున్నాయి. రాతి కింద, అసలు నీడలో, ఒక ఊదారంగు నాచు మరక. ఆవిడ ఆఫీసుకు అరగంట ఆలస్యంగా వెళ్ళింది. ఎందుకాలస్యమని అధికారి అడిగితే, “ఇంటికి చుట్టాలొచ్చారండీ” అంది.

చేపలొచ్చాయి. అత్తగారు ఒక్కొక్కదానికీ చుట్టాల పేర్లు పెట్టింది. తిండి వేస్తే అందరికంటే ముందొచ్చి, తిన్నాక రాతి వెనక్కి పోయే పసుపు చేప అత్తగారి మరిది. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఒక మూలనంతా తనదేనని తిరిగే నీలం చేప పెద్దాడపడుచు. “చచ్చి సాధిస్తుందనుకున్నా, ఇలా పుట్టి సాధిస్తోంది” అనేది. ఆ తర్వాత బొటనవేలంత ముక్కలుగా పగడాలొచ్చాయి. పగడమంటే ఉంగరంలో రాయని చుక్కలావిడ అనుకునేది. కాదు. అది నోళ్ళ ఊరు. ఒక్కో ముక్క మీద ఆవగింజంత నోళ్ళు వందల కొద్దీ, నోటి చుట్టూ పూరేకుల్లాంటి వేళ్ళు. అవి నీళ్ళలో కరిగిన సున్నాన్ని తీసుకుని, రాయిగా మార్చి, దానితో ఇల్లు కట్టుకుంటాయట. నీళ్ళలో సున్నమెంతుందో ఆవిడ వేలసార్లు కొలిచింది. ఆ సున్నంతో ఇల్లు కట్టుకునేవాళ్ళను చూడడం మాత్రం ఇదే మొదలు. “కట్టుకునేదాన్ని ఒకచోట పెట్టాక కదపకండమ్మా” అని చెప్పాడు మేస్త్రి. “కదిపితే నెలలకొద్దీ ముడుచుకుపోతుంది. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. కొన్ని మొదలుపెట్టవు కూడా.” ఆ వేళ అన్నం ఎక్కడ తిందో, తిందో లేదో ఆవిడకే గుర్తు లేదు.

మేనేజరు స్నేహితులు ఆదివారాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఎంత ఓపికండీ మీకు అని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పగడాల సంగతి, విషాల సంగతి, ఆవిడ భోజనం వడ్డిస్తూ చెప్పినవే, తనవిగా చెప్పేవాడు. ఒకాయన, మరి మేడమ్‌గారు కూడా సాయం చేస్తారా అని అడిగాడు. “ఆ, నీళ్ళు పోస్తుంటుంది” అన్నాడు. అబద్ధమేం కాదు. ఆవిడ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. సింకు దగ్గర నిలబడి ఆలోచిస్తే, ఆఫీసు సంతకానికీ దీనికీ పెద్ద తేడా కనపడలేదు.

ఆ నీళ్ళు పొయ్యడం ఏమిటంటే, అంత తొట్టెలోంచి రోజుకు రెండు బకెట్ల నీళ్ళు ఆవిరైపోతాయి. పోయినంత పొయ్యాలి. అంతే పని. అది ఎంత చిన్న పనో తేలడానికి ఆవిడ అయిదు రోజులు ఊళ్ళో లేకపోవాల్సి వచ్చింది. ఈ ఊళ్ళో ఉద్యోగానికి మూడో ఏడు నిండింది, సంతకానికి శిక్షణ కోసం పిలుపొచ్చింది. వంటింటి గోడకు కాగితం అంటించి వెళ్ళింది. రోజూ రెండు బకెట్ల మంచినీళ్ళు అని. మేనేజరు దాన్ని చదివి నవ్వుకున్నాడు. సముద్రంలో మంచినీళ్ళేమిటి, పాపం హడావుడిలో తప్పు రాసినట్టుంది అనుకున్నాడు. శ్రద్ధగా రోజూ రెండు బకెట్ల నీళ్ళలో ఉప్పు కలిపి పోశాడు. కాస్త ఎక్కువైతే పగడాలకు బలమని గుప్పెడు ఎక్కువే వేశాడు. రెండో రోజే అత్తగారు కుర్చీలోంచి అడిగిందట. “కూర ఇగిరిపోతే నీళ్ళు పోస్తారా, ఉప్పు వేస్తారా?” ఇది కూర కాదమ్మా, సైన్సు అన్నాడట ఆయన. ఆవిరయ్యేది నీళ్ళేగానీ ఉప్పు కాదని, ఉప్పంతా లోపలే ఉండిపోతుందని, జన్మలో పొయ్యి వెలిగించిన ప్రతి మనిషికీ తెలుసు. ఆయన పొయ్యి వెలిగించలేదు. అంతకుమించి ఆయన తప్పేం లేదు.

ఆవిడ వచ్చేసరికి పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. రంగుల ఊరు కాస్తా గులకరాళ్ళ గుట్టలా ఉంది. ఆడపడుచు చేప అడుగున పడుకుని దవడలాడిస్తోంది. ఏం జరిగిందో గొట్టం ఎత్తి చూడగానే తెలిసింది. కేకలెయ్యలేదు. కేకలేస్తే ఉప్పు తగ్గుతుందా? ఒక్కసారిగా మంచినీళ్ళు పోసేస్తే ఆ దెబ్బకు చచ్చిపోతాయి కాబట్టి, పూటకు ఒక బకెట్టు చొప్పున ఉప్పునీళ్ళు తీసి మంచినీళ్ళు పోస్తూ, చుక్కలు లెక్కపెడుతూ, తొమ్మిది రోజులు తంటాలు పడింది. ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. పదో రోజు పొద్దున చీర కొంగు బొడ్లో దోపుకుని కిందికి వంగి చూస్తే, అన్నిటికంటే చిన్న ముక్క మీద ఒకే ఒక్క నోరు, ఆవగింజంత, తెరుచుకుంది. చూస్తుండగానే దాని పక్కది. దాని పక్కది. ఒకరు తలుపు తీస్తే వీధంతా తలుపులు తీసినట్టు. రాతి కింద ఊదారంగు మరక అరచేయంత పెరిగి, అద్దం దాకా పాకి వచ్చింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. వెనక నుంచి అత్తగారు, “ఏమ్మాయ్, మా ఆడపడుచు లేచిందా?” అని అడిగింది. “లేచిందత్తయ్యా” అంది ఆవిడ, అద్దం మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఒకటో తారీఖు నుంచి కాగితం మీద సంతకం నువ్వే పెట్టుకో అని ఆఫీసులో చెప్పారు. ఇంకా పదకొండు రోజులు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో మేస్త్రి ఉన్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోతోంది. పెద్ద ఊరు, పెద్ద కుర్చీ. నెలాఖరుకల్లా చేరాలి. ఇల్లు అద్దెకిచ్చేద్దాం, తొట్టె సంగతి చూడమని మేస్త్రిని పిలిపించానన్నాడు.

మేస్త్రి ఈసారి కోతలు కొయ్యలేదు. తొట్టె గుమ్మం దాటదని అప్పుడే చెప్పానన్నాడు. తియ్యాలంటే జిగురు కోసి అద్దాలు విప్పాలి. చేపలు ఎవరైనా తీసుకుంటారు. ఈ పగడాలు ఈ రాళ్ళకు అతుక్కుని పెరిగిపోయాయి, ఊడదీస్తే ఎన్ని బతుకుతాయో చెప్పలేనన్నాడు. “కానివ్వండి మరి” అన్నాడు మేనేజరు. “అక్కడ ఇంకా పెద్దది పెట్టుకుందాం.”

“మా మరిదిని ఎవరికిచ్చేస్తావురా?” అంది అత్తగారు కుర్చీలోంచి. ఎవరూ నవ్వలేదు. ఆవిడ కూడా నవ్వించడానికి అన్నట్టు లేదు.

చుక్కలావిడ సంచి గోడకు తగిలించి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి రెండు బకెట్లు తెచ్చింది. ఒక బకెట్టు కింద పెట్టి, రెండోదాన్ని తొట్టె అంచుకు ఆనించి, సన్నటి ధారగా వంచింది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళలో కలిసేచోట సన్నటి అలలు నూనెలా మెలికలు తిరిగాయి. కిందనున్న నోళ్ళన్నీ తెరుచుకునే ఉన్నాయి.

మేనేజరు దగ్గరికొచ్చాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. “రేపు ఆఫీసులో కాగితం ఇచ్చేస్తావుగా? బాధపడకోయ్” అన్నాడు.

ఆవిడ బకెట్టు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగింది. చివరి చుక్క కూడా పడ్డాక దాన్ని కింద పెట్టి, రెండో బకెట్టు పట్టుకుంటూ మామూలు గొంతుతో చెప్పింది.

“బాధేం లేదండీ. నేనెక్కడుంటే అదే ఇల్లని మీరేగా అన్నారు. నేనిక్కడ ఉంటున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి వస్తూ ఉండండి.”